రాజ్యాంగాలు చదవడం – 4వ పాఠం: తుపాకీ హక్కు పక్కన ‘అయితే’ ఎప్పుడు చేరింది?

పోయిన పాఠంలో అమెరికా సమాఖ్య రాజ్యాంగంలోని రెండో సవరణ (1791), అంటే ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కు గురించిన సవరణ చదివాం. ఈసారి రాష్ట్రాల వంతు. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంటుంది. సమాఖ్య హక్కుల పత్రం (రాజ్యాంగానికి చేసిన మొదటి పది సవరణలు, రెండోది కూడా ఇందులోదే) కట్టడి చేసేది కేంద్రాన్నేనని, రాష్ట్రాలను కాదని 1833లో బారన్ వర్సెస్ బాల్టిమోర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో సవరణ రాష్ట్రాలకూ వర్తిస్తుందన్న తీర్పు 2010లో గానీ రాలేదు. కాబట్టి 19వ శతాబ్దంలో ఆయుధాల మీద రాష్ట్రం ఎంతవరకు ఆంక్ష పెట్టొచ్చన్న తగువు ఎక్కువగా రాష్ట్ర రాజ్యాంగం మీదే నడిచింది. టీవీ చర్చలు వినేవాళ్లకు ఈ సంగతి తట్టదు.

ఇవాళ్టి పని ఇది. ఆయుధాల నిబంధన ఏది కనబడినా మూడు ముక్కలు చేయండి: హక్కు ఎవరికి, దేనికోసం, చివర్లో ‘అయితే’ అంటూ ఏమైనా ఉందా.

పెన్సిల్వేనియా 1776: ప్రజలకు, తమ రక్షణకు, రాష్ట్ర రక్షణకు. మసాచుసెట్స్ 1780: ప్రజలకు, ఉమ్మడి రక్షణకు. రెండింటిలోనూ శాసనసభకు ఆంక్షలు పెట్టే అధికారం ఇచ్చే మూడో ముక్క లేదు. పెన్సిల్వేనియా నిబంధనలో ఆ వెంటనే, శాంతికాలంలో శాశ్వత సైన్యం ఉండటం స్వేచ్ఛకు ప్రమాదమని రాసుకున్నారు. వాళ్ల భయమంతా సైన్యం గురించే. అలాగని అప్పట్లో ఆంక్షలే లేవనుకోకండి. అదే పెన్సిల్వేనియా 1777లో, విధేయతా ప్రమాణం చేయనివాళ్ల ఆయుధాలు లాక్కునేలా చట్టం చేసింది!

మరి ‘అయితే’ ఎక్కడ పుట్టింది? కెంటకీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

1792 నాటి కెంటకీ రాజ్యాంగం, పౌరులు తమ కోసం, రాష్ట్రం కోసం ఆయుధాలు ధరించే హక్కును ప్రశ్నించకూడదంది. 1799లో కొత్త రాజ్యాంగం వచ్చినా ఈ మాట అలాగే ఉంది. 1813లో శాసనసభ ఒక చట్టం తెచ్చింది: జేబు పిస్తోలు, బాకు, పెద్ద కత్తి, చేతికర్రలో ఇమిడే కత్తి, వీటిలో దేన్నీ దాచిపెట్టుకుని తిరగకూడదు. ప్రయాణంలో ఉంటే మినహాయింపు. బ్లిస్ అనే ఆయన చేతికర్రలో కత్తితో దొరికాడు. 100 డాలర్ల జరిమానా పడింది. ఇది హక్కును తీసేయడం కాదు, ధరించే పద్ధతిని క్రమబద్ధం చేయడమేనని ప్రభుత్వం వాదించింది. కెంటకీ అప్పీలు కోర్టు 1822లో ఒప్పుకోలేదు. రాజ్యాంగం రాసిననాడు హక్కు ఎంత ఉందో అంతా ఉండాల్సిందే, ఇవాళ దాచి తిరగడాన్ని ఆపితే రేపు బాహాటంగా తిరగడాన్నీ ఆపొచ్చు కదా అంది. చట్టం పోయింది.

రాష్ట్రం ఊరుకోలేదు. 1850లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు పాత వాక్యాన్ని ఉంచి పక్కన ఒక ముక్క తగిలించింది: అయితే ఆయుధాలు దాచి తిరగడాన్ని ఆపే చట్టాలు శాసనసభ చేయొచ్చు. ఓడిన కేసుకు నేరుగా ఇచ్చిన జవాబు అది. అందుకే ‘అయితే’ కనబడగానే దానికి ముందు 30 ఏళ్ల తీర్పులు వెతకండి.

ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడొద్దు. అలబామా రాజ్యాంగం (1819) మాటలు కెంటకీ మాటలకు చాలా దగ్గర. అయినా అక్కడి కోర్టు 1840లో దాచి తిరగడంపై నిషేధాన్ని సమర్థించింది. ‘అయితే’ లేనంత మాత్రాన అధికారం లేదనుకోలేం.

మొదటి ముక్కకూ చరిత్ర ఉంది. టెన్నెసీలో 1796లో హక్కు ‘స్వేచ్ఛాపురుషులకు’. 1834లో అది ‘స్వేచ్ఛగల తెల్లజాతి పురుషులకు’ అయింది. అంతర్యుద్ధం ముగిశాక, 1870లో ‘పౌరులకు’ అని మార్చారు. అదే వాక్యంలో, నేరాలు అరికట్టే ఉద్దేశంతో ఆయుధాలు ధరించడాన్ని క్రమబద్ధం చేసే అధికారం శాసనసభకు ఉంటుందని చేర్చారు. హక్కుదారుల జాబితా పెరిగినప్పుడే ఆంక్షల అధికారమూ వచ్చిందన్నమాట. తెల్లజాతి ముఠాల హింసను అణచడానికా, విముక్తులైన నల్లజాతివాళ్లను నిరాయుధుల్ని చేయడానికా? చరిత్రకారులు ఏకీభవించరు. ఒకే ఉద్దేశంతో అంతా తేల్చేసే వివరణను నేనైతే నమ్మను. సభలో అందరూ ఒకే కారణంతో ఓటేయరు.

అభ్యాసానికి టెక్సస్. డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న పాఠకులకు ఇది తామున్న రాష్ట్ర పత్రమే: ఆర్టికల్ 1, సెక్షన్ 23. 1845లో ప్రతి పౌరుడికీ హక్కు, ఏ ‘అయితే’ లేదు. 1869లో ‘ప్రతి వ్యక్తికీ’, శాసనసభ విధించే నియమాలకు లోబడి. 1876లో మళ్లీ ‘ప్రతి పౌరుడికీ’. ధరించడాన్ని మాత్రమే, అదీ నేరాలు అరికట్టడానికే క్రమబద్ధం చేయొచ్చు. ఇదే నేటికీ అమల్లో ఉంది. 1869 మాటలకూ 1876 మాటలకూ మధ్య శాసనసభ చేతిలోంచి ఏ అధికారం జారిందో, ఆ ఏడేళ్లలో అక్కడ ఎవరి పాలన పోయి ఎవరిది వచ్చిందో ఒక పేజీలో రాయండి. వచ్చే పాఠంలో దాన్ని పక్కన పెట్టుకుని 1876 కొలరాడో నిబంధన చదువుదాం.