బట్టల్లేకుండా నలుగురిలో ఉండటం ఎలా? మొదటిసారి వెళ్లే పెద్దల కోసం

ఈ మాట అనగానే రెండు అనుమానాలొస్తాయి. ఒకటి శృంగారం గురించి, రెండోది మన పొట్ట గురించి. మొదటిది వెంటనే తేల్చేయొచ్చు: నేచురిస్టుల (అంటే బట్టల్లేకుండా నలుగురితో కలిసి గడిపేవాళ్ల) చోట్లలో లైంగిక ప్రవర్తనకు తావు లేదు, అలా చేస్తే బయటికి పంపేస్తారు. పొట్ట సంగతే కాస్త సమయం తీసుకుంటుంది.

1. ఇంట్లో మొదలుపెట్టండి. స్నానమయ్యాక వెంటనే బట్టలు వేసుకోకుండా ఓ పది నిమిషాలు మీ పని మీరు చేసుకోండి. తల దువ్వుకోండి, గోళ్లు తీసుకోండి. అద్దం ముందు నిలబడి లోపాలు లెక్కపెట్టడం మాత్రం వద్దు. కూర్చుంటే పొట్ట మడతలు పడుతుందా? చర్మం మడత పడకపోతే మనిషి వంగలేడు. రొమ్ములు రెండూ ఒకే సైజులో ఉండకపోవడం, వృషణాల్లో ఒకటి కాస్త కిందికి ఉండటం మామూలే. చర్మం సాగిన చారలు గర్భిణులకే వస్తాయనుకుంటారు గానీ, ఉన్నట్టుండి బరువు పెరిగిన మగవాళ్లకూ, కండలు పెంచినవాళ్లకూ వస్తాయి.

2. చోటు చూసుకోండి. ఇక్కడ తొందరపడకండి. బహిరంగంగా బట్టల్లేకుండా తిరగడం చాలా దేశాల్లో నేరం. అనుమతి ఉన్న బీచ్ గానీ, క్లబ్ గానీ వెతకండి. జర్మనీలో అయితే ‘ఎఫ్‌కేకే’ (బట్టల్లేని జీవనశైలికి జర్మన్ పేరు, పొట్టిగా) అన్న బోర్డు ఉంటుంది. 1953లో ఫ్రాన్స్‌లోని మోంటాలివేలో ఏర్పడిన అంతర్జాతీయ నేచురిస్ట్ సమాఖ్యకు చాలా దేశాల్లో సభ్య సంఘాలున్నాయి, వాటిని అడగొచ్చు.

3. తువ్వాలు మరిచిపోవద్దు. ఎక్కడ కూర్చున్నా దాన్ని పరుచుకునే కూర్చోవాలి. ఇది శుభ్రత కోసం, ఎవరికీ మినహాయింపు లేదు. ఫోన్ సంచిలోంచి తీయకండి. ఇన్నాళ్లూ బట్టల కింద ఉండి ఎండ తగలని చోట్ల చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకుని, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి.

4. విప్పేటప్పుడు నాన్చకండి. ఒక్కొక్కటీ తటపటాయిస్తూ తీసేవాళ్లే అందరి కంటా పడతారు. ఆ తర్వాత ఎవరితోనైనా మాట్లాడితే ముఖం చూసి మాట్లాడండి. మగవాళ్లు బయటికి అడగలేని భయం ఒకటుంది: అంగం గట్టిపడితే? అలా జరగడం అరుదు. జరిగినా బోర్లా పడుకోండి, లేదా తువ్వాలు కప్పుకోండి, కాసేపట్లో తగ్గిపోతుంది.

ఇక పొట్ట సంగతి. బట్టల్లేకుండా గడిపే కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లకు తమ ఒంటి మీద అభిప్రాయం మెరుగుపడిందని లండన్ మనస్తత్వ శాస్త్రవేత్త కియాన్ వెస్ట్ 2017లో రాశారు. నా లెక్కలో అందుకు కారణం మనల్ని ఎవరో మెచ్చుకోవడం కాదు, ఎదుటివాళ్లను చూడటం. ఆపరేషన్ కుట్ల మచ్చలు, జారిన చర్మం, వంకర కాళ్లు... ప్రకటనల్లో కనిపించని ఒళ్లన్నీ అక్కడుంటాయి. అరగంటకి మీ పొట్ట మీకే గుర్తుండదు.

గుర్తుంటే, ఇబ్బందిగానే ఉంటే, బట్టలేసుకుని వచ్చేయండి. ఎందుకని ఎవరూ అడగరు.