కోడ్ తప్పా, కంపైలర్ తప్పా? ఏవీఆర్, 8051, ఆర్మ్ బోర్డుల మీద తేల్చుకోవడం ఎలా

"ఓ0లో బాగానే నడిచిందండీ, ఓ2 పెట్టగానే మొండికేసింది. ఫ్రీ కంపైలర్ కదా, అంతే మరి!" ఈ మాట చాలామంది దగ్గర విన్నాను, నేనూ అన్నాను. (ఓ0 అంటే ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేయడం, ఓ2 అంటే గట్టి ఆప్టిమైజేషన్‌తో.) జీసీసీ, క్లాంగ్, ఎస్‌డీసీసీ అనే ఫ్రీ కంపైలర్లు మూడింట్లోనూ బగ్‌లున్నాయి, కాదనను. కానీ నా బల్ల మీదికి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం చివరికి కోడ్ దగ్గరే తేలాయి. అందుకే ముందు మన కోడ్ వెతికి, ఆ తర్వాతే కంపైలర్ జోలికి వెళ్ళే వరసలో రాస్తున్నాను.

సమస్య: ఇంటరప్ట్‌లో ఫ్లాగ్ మారుతోంది, మెయిన్ లూప్‌కి మాత్రం తెలియడం లేదు

ఇంటరప్ట్ అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వేరే ఫంక్షన్‌ని నడిపించే సంకేతం. మీరు ఆ వేరియబుల్‌కి వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమనే మాట) పెట్టలేదు. ఈ లూప్‌లో దాన్ని ఎవరూ మార్చడం లేదు కదా అని కంపైలర్ ఒక్కసారి రిజిస్టర్‌లోకి చదువుకుని, మళ్ళీ ర్యామ్ వైపు చూడదు. సీ భాష నియమాల ప్రకారం అది తప్పు కాదు. వోలటైల్ తగిలించండి, పోతుంది. ఖాళీ ఫర్ లూప్‌తో రాసిన డిలే మాయమవడం కూడా ఆప్టిమైజర్ పనే. ఏవీఆర్‌లో దాని బదులు డిలే-ఎంఎస్ వాడండి.

అది వాడాక 1 సెకను కాస్తా 16 సెకన్లు పడుతోందా? కొత్త ఏటీమెగా328పీ ఫ్యాక్టరీ ఫ్యూజులతో (చిప్‌లో ముందే పెట్టి ఉండే సెట్టింగులు) 1 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. మీరు క్లాక్ వేగం చెప్పే ఎఫ్-సీపీయూ దగ్గర 16 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటారు.

సమస్య: వోలటైల్ ఉంది, అయినా ఎప్పుడో ఒకసారి తప్పు విలువ వస్తోంది

దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నన్ను బాగా ఏడిపించింది ఇదే. పొలం మోటారుకి ఆటో స్టార్టర్ బోర్డు చేశాను. టైమర్ ఇంటరప్ట్ 16 బిట్ల కౌంటర్ని పెంచుతుంది, మెయిన్ లూప్ దాన్ని చూసి మోటారు ఆపుతుంది. రోజుల తరబడి బాగా నడిచి, ఉన్నట్టుండి ముందే ఆగిపోయేది. "మీ డబ్బా మళ్ళీ ఆగిందయ్యా" అని రైతు ఫోన్. రెండు రోజులు కంపైలర్ని తిట్టుకుని, వెర్షన్లు మార్చి చూసి, చివరికి ఆబ్జ్‌డంప్‌తో అసెంబ్లీ తీశాను. ఆ ఒక్క లైన్‌కి రెండు ఎల్‌డీఎస్ (మెమరీ నుంచి ఒక బైటు చదివే) ఇన్‌స్ట్రక్షన్లు కనిపించాయి: ముందు కింది బైటు, తర్వాత పై బైటు.

ఏవీఆర్ 8 బిట్ల చిప్. 16 బిట్ల విలువ రెండు దఫాలుగానే వస్తుంది. కౌంటర్ 255 దగ్గర ఉందనుకోండి. కింది బైటు 255 చదివాం. సరిగ్గా ఆ సందులో ఇంటరప్ట్ వచ్చి కౌంటర్ని 256 చేసింది. ఇప్పుడు పై బైటు 1 చదివాం. చేతికొచ్చింది 511. కంపైలర్ తన పని తాను సరిగ్గా చేసింది. వోలటైల్ అంటే ప్రతిసారీ మెమరీ నుంచి చదవమని చెప్పడమే, ఒకే దమ్ములో చదవమని కాదు.

ఏవీఆర్ సీ లైబ్రరీ అయిన ఏవీఆర్-లిబ్‌సీలో అటామిక్ బ్లాక్ అనే మ్యాక్రో ఉంది. ఆ చదివే లైన్ని అందులో పెడితే అంతసేపు ఇంటరప్ట్‌లు ఆగుతాయి. విలువని లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని వెంటనే బయటికి రండి, లెక్కలన్నీ ఆ బ్లాక్‌లో కూర్చుని చేయకండి.

సమస్య: 32 సెకన్ల దాకా లెక్క సరే, 33కి మైనస్‌లోకి పోతోంది

ఏవీఆర్-జీసీసీలో ఇంట్ 16 బిట్లే, గరిష్ఠం 32767. సెకన్లని 1000తో గుణిస్తే 32000 పడుతుంది, 33000 పట్టదు. జవాబుని లాంగ్‌లో పెట్టినా లాభం లేదు, గుణకారం అప్పటికే ఇంట్‌లో జరిగిపోయింది. 1000 పక్కన యూఎల్ (అన్‌సైన్డ్ లాంగ్) చేర్చండి. పీసీ మీద పరీక్షించి చిప్‌లోకి ఎక్కించేవాళ్ళు తరచూ ఇక్కడే దొరికిపోతారు.

సమస్య: ప్రింట్‌ఎఫ్‌లో దశాంశ సంఖ్యలు రావడం లేదు

బగ్ కాదు, పొదుపు. ఏవీఆర్‌లో ప్రశ్నార్థకం, ఆర్మ్ చిన్న సీ లైబ్రరీ న్యూలిబ్-నానోలో ఖాళీ వస్తుంది. సైజు తగ్గించడానికి ఫ్లోట్ భాగం లింక్ చేయరు. లింకర్‌ని అడిగి చేర్చుకోవచ్చు. నేనైతే మిల్లీవోల్టులని పూర్ణసంఖ్యగా ప్రింట్ చేసి ఊరుకుంటాను.

సమస్య: ఆర్మ్ కార్టెక్స్-ఎం4 మీద నడిచిన కోడ్ ఎం0 మీద హార్డ్‌ఫాల్ట్ కొడుతోంది

బైట్ బఫర్ మధ్యలోని అడ్రస్‌ని 32 బిట్ల పాయింటర్‌గా క్యాస్ట్ చేసి ఉంటారు. 4తో భాగింపబడని అడ్రస్ నుంచి అలా చదివితే కార్టెక్స్-ఎం4 సర్దుకుపోతుంది, ఎం0 ఊరుకోదు. క్యాస్ట్ తీసేసి మెమ్‌కాపీ వాడండి.

సమస్య: 8051 మీద ఎస్‌డీసీసీతో లోకల్ వేరియబుల్స్ కలగాపులగం అవుతున్నాయి

కాలేజీ ల్యాబులో కీల్ అనే మరో కంపైలర్ మీద నేర్చుకుని ఎస్‌డీసీసీకి మారినవాళ్ళు దీన్ని చూసి బెదిరిపోతారు. 8051లో లోపలి ర్యామ్ 128 బైట్లు, అందులోనే స్టాక్. కాబట్టి ఎస్‌డీసీసీ లోకల్స్‌ని స్టాక్ మీద కాకుండా స్థిరమైన అడ్రస్‌లలో పెడుతుంది. ఒకే ఫంక్షన్‌ని మెయిన్ నుంచీ ఇంటరప్ట్ నుంచీ పిలిస్తే ఒకదాని విలువల మీద ఇంకొకటి రాసేస్తుంది. ఆ ఫంక్షన్‌కి రీఎంట్రంట్ అని పెట్టండి, అప్పుడు దాని లోకల్స్ స్టాక్ మీదికి వెళ్తాయి. ఇంటరప్ట్ లోపల ఇంట్ గుణకారం, భాగహారం కూడా మానండి, వాటి వెనక ఉన్న లైబ్రరీ రొటీన్లకీ ఇదే జబ్బు.

ఇంటరప్ట్ అసలు రావడమే లేదంటే, ఐఎస్ఆర్ (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) వేరే ఫైల్‌లో ఉందేమో చూడండి. దాని ప్రోటోటైప్ మెయిన్ ఉన్న ఫైల్‌లో కనిపించాలి. లేకపోతే ఇంటరప్ట్‌ని ఆ ఫంక్షన్ దగ్గరికి పంపే వెక్టర్ తయారవదు. మాన్యువల్‌లో ఈ మాట ఉంది, చదివేదెవరు?

ఇవన్నీ చూశాక కూడా తేడా ఉంటే

ఇప్పుడు కంపైలర్ని అనుమానించొచ్చు. 2008లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 13 సీ కంపైలర్లని పరీక్షిస్తే, ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట వోలటైల్‌కి తప్పు కోడ్ ఇచ్చింది. వాటిలో డబ్బు పెట్టి కొనేవీ ఉన్నాయి. తర్వాత అక్కడే తయారైన సీస్మిత్ అనే పరికరం యాదృచ్ఛిక ప్రోగ్రాములు పుట్టించి 325కి పైగా కొత్త బగ్‌లు బయటపెట్టింది. కాబట్టి ఫ్రీయా, కొన్నదా అన్న ప్రశ్న దగ్గర ఆగకండి.

ముందు హెచ్చరికలన్నీ ఆన్ చేయండి. హార్డ్‌వేర్ తాకని భాగాన్ని పీసీ మీద అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్‌తో (సీ నియమాలు దాటిన చోట్లని నడుస్తుండగా పట్టే సాధనం) నడపండి. అది మౌనంగా ఉంటే సగం ఫైళ్ళు ఓ0తో, సగం ఓ2తో కట్టండి. తప్పు ఏ సగంలో ఉందో పట్టి, మళ్ళీ సగం చేస్తూ ఒక ఫంక్షన్ దాకా రండి. దాని అసెంబ్లీని సీ పక్కన పెట్టి చదవండి. ఓ0లో నడవడం దేనికీ సాక్ష్యం కాదు. సీ చెప్పని పని అసెంబ్లీ చేస్తుంటే అదీ సాక్ష్యం.

తర్వాత జీసీసీ బగ్‌ల జాబితా అయిన బగ్‌జిల్లాలో మీ చిప్ పేరుతో, రాంగ్-కోడ్ (కంపైలర్ మౌనంగా తప్పు కోడ్ ఇవ్వడం) అనే కీవర్డ్‌తో వెతకండి. కంపైలర్ నమ్మకాన్ని నేను కొలిచేది కూడా ఆ జాబితాతోనే. ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ ఎన్నున్నా నాకు భయం లేదు, అది అరిచి చెప్పి ఆగుతుంది. రాంగ్-కోడ్ నోరెత్తదు. దానికి ఎవరైనా జవాబిస్తున్నారా, ఎంతకాలానికి మూస్తున్నారు అన్నది చూస్తాను. బ్యాకెండ్‌ని (ఒక్కో చిప్‌కి కోడ్ తయారుచేసే భాగం) చూసుకునేవాళ్ళు ఉండటం చిన్న విషయం కాదు. జీసీసీలో సీసీ0 అనే పాత పద్ధతిని తీసేయాలనుకున్నప్పుడు ఏవీఆర్ ఇంకా దాని మీదే ఉంది. ఎవరూ పూనుకోకపోతే ఏవీఆర్ కూడా దాంతోపాటే పోయేది. జీసీసీ 12 నాటికి మార్పు పూర్తిచేసి నిలబెట్టారు.

బగ్ ఖాయమైతే, సీ-రెడ్యూస్‌తో ప్రోగ్రామ్‌ని ఇరవై ముప్పై లైన్లకి కుదించి, వెర్షన్, ఫ్లాగులు రాసి రిపోర్ట్ వేయండి. జవాబు వచ్చేలోపు ఆ ఒక్క ఫంక్షన్‌కి ఆప్టిమైజేషన్ తగ్గించి పని జరుపుకోండి. బోర్డు ఫీల్డ్‌లోకి వెళ్ళినరోజు వాడిన టూల్‌చైన్ని, సోర్స్‌తోపాటే జిప్ చేసి దాచండి. మూడేళ్ళ తర్వాత ఆ రైతు మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, కొత్త కంపైలర్‌తో పాత కోడ్ కట్టి ఏది మారిందో వెతుక్కునే బాధ ఉండదు.