గ్రైండరు గార్డు విప్పకండి: ఇంట్లో కత్తి తయారుచేయబోయేవారికి జాగ్రత్తలు

గత నెలలో విజయవాడ ఆటోనగర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో, లారీ కమాన్ పట్టీతో వంటకత్తి చేయబోయిన డిగ్రీ విద్యార్థి చేతిలో గ్రైండరు కటింగ్ డిస్కు పగిలింది. ఒక ముక్క అతని దవడను చీల్చుకుంటూ పోయి వెనుక ఉన్న రేకులో దిగబడింది. కన్ను అంగుళంలో తప్పింది. ఆ సాయంత్రం షెడ్డు సర్దుతున్నప్పుడు గ్రైండరుకు ఉండవలసిన గార్డు, అంటే డిస్కును సగం కప్పి ఉంచే ఇనుప తొడుగు, పనిముట్ల పెట్టె అడుగున కనిపించింది. దానిని బిగించే మర పోకుండా అగ్గిపెట్టెలో వేసి, ఆ అగ్గిపెట్టెకు రబ్బరు బ్యాండు కూడా చుట్టి ఉంచాడు.

వేసవి సెలవులు వస్తున్నాయి. పాత ఇనుము కొట్లలో కమాన్ పట్టీలు కిలోల లెక్కన దొరుకుతాయి, నాలుగు అంగుళాల గ్రైండరు అద్దెకు దొరుకుతుంది, చేసే విధానం ఫోనులో దొరుకుతుంది. కళ్లద్దాలు, బూట్లు, ముక్కుకు గుడ్డ వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను చూసిన పెద్ద గాయాలలో ఎక్కువ భాగం ఒకే తప్పు వల్ల జరిగాయి. గార్డు విప్పి, కటింగ్ డిస్కు పక్క భాగంతో ఇనుమును అరగదీయడమే ఆ తప్పు.

గార్డు ఎందుకు విప్పుతారో నాకు తెలుసు. పిడికి దగ్గరగా అలుగు (కత్తి కోసే భాగం) మొదలయ్యే వంపు వద్ద గార్డు అడ్డు వస్తుంది, డిస్కు లోపలికి అందదు. అక్కడ విప్పిన గార్డును మళ్లీ ఎవరూ బిగించరు. ఆ తరువాత డిస్కు మార్చడం బద్ధకమై, కోయడానికి పెట్టిన సన్న డిస్కునే పడుకోబెట్టి నూరుతారు. కటింగ్ డిస్కు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అది అంచుతో నిలువుగా కోసేటప్పుడు వచ్చే ఒత్తిడిని మాత్రమే తట్టుకుంటుంది, పక్క నుంచి నొక్కితే లోపలి గాజునార వల చిట్లుతుంది. నాలుగు అంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే డిస్కు అంచు గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంటుంది. ఆ వేగంలో విరిగిన ముక్కకు, మీ ముఖానికి మధ్య ఉండేది ఆ గార్డు ఒక్కటే. నూరడానికి ఆరు మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్కు వేరే ఉంది. అదే వాడండి, గార్డు ఉంచే వాడండి.

నిజానికి ఒక్క కత్తికి గ్రైండరే అక్కరలేదు. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో పాతిపెట్టి, మరునాటి వరకు కదపకుండా చల్లారనిస్తే ఉక్కు మెత్తబడుతుంది. అప్పుడు హాక్సాతో కోయవచ్చు, ఆకురాయితో రాయవచ్చు. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, భుజం నొప్పి పుడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. పాత కమ్మరులు గ్రైండరు ముఖం చూడకుండానే ఊరందరి కొడవళ్లు చేసి పెట్టారు. పిడి లేని ఆకురాయిని మాత్రం పట్టవద్దు, దాని తోక అరచేతిలో దిగుతుంది.

ఇక నిప్పు సంగతి. కొలిమికి జీఐ పైపు వాడవద్దు, ఎందుకంటే దాని జింకు పూత కాలి, ఆ పొగ పీల్చినవారికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. బొగ్గుల కొలిమిని మూసిన గదిలో పెట్టవద్దు. సిమెంటు గచ్చు మీద నేరుగా పెట్టినా, నదిలో ఏరిన తడి రాళ్లతో కట్టినా అవి వేడికి పేలతాయి. పదును పట్టేటప్పుడు, అంటే అలుగును ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచేటప్పుడు, దాని రంగును నీడలోనే చూడండి, మే నెల ఎండలో ఎరుపు తెలియక అతిగా కాలుస్తారు. అయస్కాంతం అంటుకోవడం మానేది దాదాపు 770 డిగ్రీల వద్ద, అక్కడి నుంచి ఇంకొంచెం ఎరుపెక్కితే చాలు. మెకానిక్ షెడ్డులో పారబోసే ఇంజిన్ ఆయిలు వద్దు, దాని పొగ విషం. గోరువెచ్చని వేరుశనగ నూనె మూడు నాలుగు లీటర్లు లోతైన ఇనుప డబ్బాలో పోసి, మూత పక్కనే ఉంచుకోండి. ఎర్రటి భాగమంతా ఒక్కసారిగా మునగాలి, సగం ముంచి ఆగితే నూనె పైభాగం అంటుకుంటుంది. అంటుకుంటే మూత వేయండి, నీళ్లు పోయకండి.

మిగిలినవి వరుసగా చెబుతాను. ఏడు అంగుళాల గ్రైండరులో అరిగిన డిస్కును నాలుగు అంగుళాల దానికి ఎక్కించకండి, దాని హద్దు 8,500 చుట్లే. కింద పడిన డిస్కు పారేయండి. నిరుటి వానల్లో తడిసిన డిస్కు కూడా పారేయండి. చెక్క కోసే పళ్ల చక్రం గ్రైండరుకు బిగించకండి. లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి తాడు వద్దు. పిడి రంధ్రాలు పదును పట్టకముందే వేయండి, అలుగును చేత్తో పట్టుకుని డ్రిల్లు చేయకండి, బిట్టు పట్టేస్తే అలుగు గిరగిరా తిరిగి వేళ్లు తెగుతాయి. నూనెలో చల్లార్చిన అలుగును 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు ఉంచేదాకా సుత్తితో తాకకండి, అది గాజులా పగులుతుంది. సానపట్టడం చివరి పని, పిడి బిగించేటప్పుడు అలుగుకు టేపు చుట్టి ఉండాలి. కంట్లో ఇనుప రజను గుచ్చుకుంటే నలపకండి, పీకకండి, పేపరు కప్పు అడ్డంపెట్టి కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. గార్డు విప్పకండి. "ఒక్క నిమిషం పనే" అన్నా విప్పకండి. అద్దె గ్రైండరు గార్డు లేకుండా చేతిలో పెడితే, డబ్బు వెనక్కి అడిగి వచ్చేయండి.