ఊహాలోకం, ఉద్యోగం, ఇల్లు: నవల ఎక్కడ ఆగింది?

ఊహాలోకం కట్టి నవల రాసేవాళ్లలో చాలామందికి పగలంతా ఆఫీసో, బడో, దుకాణమో ఉంటుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు. నవల ఆగిపోతే "టైం లేదు" అనేస్తాం. నిజంగా టైమే లేని ఇళ్లూ ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాను. మిగతా చోట్ల చిక్కు వేరే ఉంటుంది. ఉదాహరణకి కాకతీయుల కాలాన్ని పోలిన, గొలుసుకట్టు చెరువుల (పై చెరువు నిండితే నీళ్లు కింది చెరువుకి చేరేవి) మీద బతికే ఒక కల్పిత రాజ్యాన్ని తీసుకుందాం.

సమస్య: నోటుబుక్కులు నిండాయి, నవల మాత్రం మొదటి అధ్యాయం దాటలేదు

కారణం: వంశవృక్షం, పటం, నాణేలు, పండుగలు ఎలా రాసుకున్నా తప్పు బయటపడదు. సన్నివేశంలో మాట పేలవంగా ఉంటే వెంటనే తెలిసిపోతుంది. అలసిపోయిన సాయంత్రం మనసు భయం లేని పనివైపే పోతుంది. పటం గీస్తే నవల పని చేసినట్టే అనిపిస్తుంది కూడా.

పరిష్కారం: ముందు సన్నివేశం రాయండి, దానికి కావలసినంత లోకమే కట్టండి. మన రాజ్యంలో ఒక రాత్రి, తూముల్లోంచి పొలాలకి వంతుల వారీగా నీళ్లు వదిలే నీరటికాడు పై చెరువు తూము మూసేశాడు. కింది ఊరి రైతు కాగడా పట్టుకుని కట్ట మీదికి వచ్చాడు. తూము ఎవరు చెప్తే తెరవాలి, ఆయకట్టు చివరి మడికి నీళ్ల వంతు ఎప్పుడొస్తుంది, నీరటికాడికి ఏటా ధాన్యం కొలిచేది ఎవరు? ఈ మూడూ తేలితే గొడవ దానంతటదే నడుస్తుంది. రాజుగారి ముత్తాత పేరు ఇప్పుడు అక్కర్లేదు. శిస్తు పేరో, కొలతో తట్టకపోతే అక్కడ రెండు ప్రశ్నార్థకాలు పెట్టి ముందుకు సాగండి. అధ్యాయం అయ్యాకే ఆ ఖాళీలు నింపండి. అప్పటికి కొన్ని అవసరమే ఉండవు.

ఏ వివరం ఉంచాలో తేలకపోతే ఇలా అడగండి: ఇది మారితే కథలో ఎవరి పంటైనా, పరువైనా, ప్రాణమైనా మారుతుందా? మారకపోతే దాన్ని నోటుబుక్కులోనే ఉండనివ్వండి. లోకాన్ని కట్టడమే మీకు ఆనందమైతే అదీ మంచిదే, నవల రాసి తీరాలని ఎవరూ అనరు. కాకపోతే ఆ సంగతి మీకు మీరు స్పష్టంగా చెప్పుకోండి.

సమస్య: రాత్రి కూర్చుంటే అరగంట దాకా ఏమీ రాదు

ఆఫీసు టెన్షన్ లోంచి చెరువు కట్ట మీదికి చేరడానికే ఆ అరగంట పోతోంది. అందుకని సన్నివేశం పూర్తిచేసి లేవకండి. మధ్యలో ఆపి, తర్వాత ఎవరు ఏం అనబోతున్నారో రెండు ముక్కలు రాసిపెట్టుకోండి. మర్నాడు బస్సులో ఆ రెండు ముక్కలు ఫోన్‌లో చూసుకుంటే, ఇంటికొచ్చేసరికి రైతు నోట్లో మాట సిద్ధంగా ఉంటుంది.

సమస్య: రోజూ రాయలేకపోతున్నానన్న బాధ

రోజుకి ఇన్ని పదాలని లెక్క పెట్టుకోవడం కొందరికే సరిపడుతుంది. కాళీపట్నం రామారావు మాస్టారు బడిలో లెక్కలు చెబుతూ కథలు రాశారు. రాసినవి తక్కువే, అయినా 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయన కథలకే వచ్చింది. వారానికి రెండు పూటలే కుదిరితే ఆ రెండు పూటలే పెట్టుకోండి.

సమస్య: ఇంట్లో రోజూ చిరాకులు

అన్నం తింటూ కూడా మీరు వేరే రాజ్యంలో ఉంటారు. అడిగినదానికి "ఊఁ" అంటారు. మీరు ఎప్పుడు అందుబాటులో ఉంటారో ఇంట్లోవాళ్లకి తెలియకపోవడమే ఇక్కడ కారణం. రాసే వేళ ఏదో ముందే చెప్పండి, అది అయ్యాక ఫైలు మూసేయండి. మీ భార్యకో, భర్తకో కూడా తమ పని కోసం అంతే టైం దొరికేలా చూడండి.

రాసేది ఇల్లాలైతే సమస్య వేరు. పొద్దున్నే నాలుగింటికి లేచి రాసుకోమని సలహా ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది. అసలే చాలని నిద్రలోంచి కోసిన టైం అది. అక్కడ మారాల్సింది ఆమె క్రమశిక్షణ కాదు, పనుల పంపకం. ఆదివారం పూట వంట, పిల్లల హోంవర్కు ఇంకొకరు పూర్తిగా తీసుకోవాలి. "ఉప్పెక్కడుంది?" అని తలుపు తడితే ఆ పూట ఆమెకి దక్కనట్టే.

సమస్య: సంక్రాంతి, పిల్లల పరీక్షలు అయ్యాక ఫైలు తెరవాలంటే భయం

మొదటి నుంచీ చదవాలనుకోవడం వల్లే ఈ భయం. చదవడం మొదలుపెడితే దిద్దుతూ కూర్చుంటారు. చివరి రెండు పేజీలే చూడండి. మిగతాదానికి ఒక్క పేజీ పట్టీ చాలు: పాత్రల పేర్లు, వయసులు, ఊరికీ ఊరికీ మధ్య ఎంత నడక, కథ ఇప్పుడు ఏ కార్తెలో ఉంది. ఆగే ముందు రోజే ఆ పట్టీ సరిచూసుకుంటే, తిరిగొచ్చేసరికి పై చెరువు కింది చెరువుగా మారిపోదు.