బియ్యం బకెట్, ఇసుక బంతి: బేస్‌బాల్ పిచర్ చేతికి ఇంటి కసరత్తు

పిచర్‌కు, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడికి, భుజం కన్నా ముందు గట్టిపడాల్సింది ముంజేయి. విసిరేటప్పుడు మోచేయి లోపలివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే పట్టీ) మీద పడే లాగుడులో కొంత భారం మోసేది ఆ కండరాలే. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు 4 సార్లు గెలిచిన స్టీవ్ కార్ల్‌టన్ చేతి బలం కోసం బియ్యంలో చెయ్యి పెట్టి కుమ్మేవాడు.

20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ కడిగి ఆరబెట్టి, 12 కిలోల దొడ్డు బియ్యం పోయండి. సోనామసూరి దండగ, నూకలైతే గోళ్లలో ఇరుక్కుంటాయి. ముంజేయి సగం మునిగాక వేళ్లు పూర్తిగా విప్పడం 20 సార్లు, పిడికిలి బిగించడం 20, మణికట్టు కుడికి 20, ఎడమకు 20. నిమిషం ఆగి మళ్లీ. మొత్తం మూడు విడతలు, వారానికి 3 రోజులు. చాలామంది పిడికిలి మీదే పడి, వేళ్లు విప్పడం ఎగ్గొడతారు. అప్పుడు ముంజేతి వెనకవైపు బలహీనంగానే మిగులుతుంది. విసరడానికి ముందు మాత్రం వద్దు, అలసిన వేళ్లకు బంతి పట్టు చిక్కదు. చెమట చేత్తో దిగితే బియ్యం ముక్కిపోతుంది. తుడుచుకుని దిగండి, నాలుగు ఎండు వేపాకులు వేయండి. ఇంట్లో ఎవరెంత సణిగినా ఆ బియ్యం మళ్లీ వండొద్దు.

అమెరికాలో బరువు బంతులు సెట్లుగా కొంటారు. మనకు క్రికెట్ బంతి చాలు. బేస్‌బాల్ 142–149 గ్రాములైతే ఇది 156–163, అంటే దాదాపు పదోవంతు ఎక్కువ. 10 మీటర్ల నుంచి సగం జోరుతో 10 త్రోలు, వెంటనే బేస్‌బాల్‌తో 10. మన కుర్రాళ్లు తప్పేది ఇక్కడే: చెయ్యి చాచి బౌలింగ్‌లా తిప్పేస్తారు. గుర్తు చేసుకోవాల్సింది బౌండరీ నుంచి కీపర్‌కు విసిరే త్రో. మోచెయ్యి వంగాలి, భుజం ఎత్తుకు లేవాలి. అది కుదిరాకే పిచర్ నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్ దాకా ఉండే అసలు దూరం, 18.44 మీటర్లు. ఆదివారం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అంత ఖాళీ దొరకడం కష్టం, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి.

గోడకు కొట్టడానికి టెన్నిస్ బంతికి సెంటీమీటరు గాటు పెట్టి, పొడి ఇసుక కూరి, వంటింటి కాటా మీద 200 గ్రాములు చూసుకుని ఇన్సులేషన్ టేప్ గట్టిగా చుట్టండి. తడి ఇసుకైతే టేప్ ఊడుతుంది. రెండు మీటర్ల నుంచి, మెల్లగా, 10 సార్లే. పక్కింటి పడగ్గది గోడ కాకుండా చూసుకోండి.

ఎదిగే వయసు పిల్లలకు ఈ బరువు బంతులు వద్దు, బియ్యం చాలు. మోచేయి లోపల నొప్పి, చిటికెన వేలు తిమ్మిరి వస్తే ఆ రోజే ఆపి స్పోర్ట్స్ డాక్టర్‌కు చూపించండి.