లారీ గుద్దితే నష్టపరిహారం ఎవరిస్తారు, కేసు ఎలా వేయాలి

లారీ యాక్సిడెంట్ జరగ్గానే జనం అంతా డ్రైవర్ మీద పడతారు, దొరికితే నాలుగు తగిలిస్తారు, దొరక్కపోతే క్లీనర్‌ని పట్టుకుంటారు. కోపం రావడం సహజమే గానీ ఆస్పత్రి బిల్లు కట్టేది డ్రైవర్ కాదు, అతని ఏడాది జీతం మొత్తం తెచ్చి పోసినా ఒక కాలు ఆపరేషన్‌కీ ఆ తర్వాత నెలల తరబడి మంచంలో ఉండే ఖర్చుకీ చాలదు. డ్యూటీలో ఉన్న డ్రైవర్ చేసిన తప్పుకి లారీ ఓనర్ బాధ్యుడు, ఓనర్ తరఫున థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ కట్టాలి, మన మోటారు వాహనాల చట్టంలో ఉన్నది ఇదే. కాబట్టి మన పని ఏంటంటే ఆ లారీ ఏది, ఎందుకు గుద్దింది, మనకి ఎంత నష్టం అయింది, ఈ మూడూ కాగితం మీదకి వచ్చేలా చూసుకోవడం. చాలా కేసులు మొదటి నెలలో చేసిన పనితోనే సగం తేలిపోతాయి, తర్వాత లాయర్ ఎంత గట్టిగా వాదించినా లేని కాగితాన్ని పుట్టించలేడు.

ముందు కారణాల సంగతి చూద్దాం. "లారీ స్పీడ్‌గా వచ్చి గుద్దింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అవతలి లాయర్ "బైక్ అబ్బాయే అడ్డం వచ్చాడు" అంటాడు, ఇక అక్కడ మొదలవుతుంది గొడవ. అసలు కారణం ఏంటో తెలిస్తే ఏ సాక్ష్యం వెతకాలో తెలుస్తుంది.

నిద్ర పెద్ద కారణం. అర్ధరాత్రి దాటాక తెల్లారేలోపు డ్రైవర్‌కి రెప్ప పడే టైమ్. చట్టం ప్రకారం డ్రైవర్ చేత రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదు, కానీ లాంగ్ లోడ్ మీద ఒక్కడినే పంపి ఫలానా టైమ్‌కి దింపాలి అని ఫోన్ల మీద ఫోన్లు చేసే ఓనర్లు ఉన్నారు. దీన్ని రుజువు చేయడానికి ఫాస్టాగ్ రికార్డు బాగా పనికొస్తుంది, ఏ టోల్ గేట్ ఏ టైమ్‌కి దాటిందో అందులో ఉంటుంది కాబట్టి బండి ఎక్కడైనా ఆగిందా లేదా అనేది లెక్క కట్టొచ్చు. టోల్ గేట్ దగ్గర సీసీ కెమెరాల ఫుటేజీ ఎక్కువ రోజులు ఉండదు, పాత దాని మీద కొత్తది రికార్డ్ అయిపోతుంది, అందుకే ఫుటేజీ తీయించండి అని స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, నోటితో చెబితే లాభం లేదు.

ఓవర్‌లోడ్ ఇంకోటి. లోడు ఎక్కువైతే బ్రేక్ కొట్టినా బండి అనుకున్న చోట ఆగదు, మలుపులో బోల్తా కొడుతుంది, టైర్లు వేడెక్కి పేలతాయి. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20,000 రూపాయలు ఫైన్, పైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. కాటా చీటీ (లోడు తూకం రసీదు), వేబిల్లు (సరుకు వివరాల కాగితం) పోలీసులు సీజ్ చేసిన కాగితాల్లో ఉన్నాయో లేదో అడగండి.

"బ్రేక్ ఫెయిల్ అయింది సార్" అనే మాట ప్రతి లారీ కేసులో వినపడేదే. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలీదు. యాక్సిడెంట్ అయిన బండిని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్ట్ రాస్తాడు. అందులో మెకానికల్ డిఫెక్ట్ ఏమీ లేదు అని వస్తే డ్రైవర్ మాట అబద్ధం అని తేలిపోయింది, లేదు నిజంగానే బ్రేకులు పోయాయి, టైర్లు నున్నగా అరిగిపోయాయి అని వస్తే బండిని సరిగ్గా చూసుకోని తప్పు ఓనర్ మెడకే చుట్టుకుంటుంది. ఎటు తిరిగినా మనకి మంచిదే, అందుకే ఆ రిపోర్ట్ కాపీ వదలొద్దు.

లారీ ఎడమకి తిరిగేటప్పుడు పక్కన ఉన్న బైక్ డ్రైవర్‌కి కనపడకపోవడం, వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ దిగి చూడకపోవడం, బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చిన ఇనప రాడ్లు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. రాడ్లు అలా బయటికి వేలాడదీసి తీసుకెళ్లడం రూల్స్ ప్రకారమే నిషేధం కాబట్టి అక్కడ వాదన పెద్దగా ఉండదు.

అసలు చిక్కంతా ఆగి ఉన్న లారీతోనే. రాత్రిపూట హైవే పక్కన, కొన్నిసార్లు సగం రోడ్డు మీదే లారీ ఆపేస్తారు, వెనక లైట్లు ఉండవు, హెచ్చరిక ట్రయాంగిల్ పెట్టరు, నాలుగు రాళ్లు, రెండు చెట్టు కొమ్మలు పడేసి అదే సిగ్నల్ అనుకోమంటారు. వెనక నుంచి వచ్చిన బైకో కారో గుద్దుకుంటే చాలాసార్లు ఎఫ్ఐఆర్‌లో "అజాగ్రత్తగా నడిపి ఆగి ఉన్న లారీని ఢీకొట్టాడు" అని రాసేస్తారు, అంటే దెబ్బ తగిలినవాడిదే తప్పు అన్నమాట. ఇక్కడే ఫోటోలు ప్రాణం పోస్తాయి. లారీ వెనక భాగం మొత్తం వచ్చేలా ఒకటి, టెయిల్ లైట్లు దగ్గరగా, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉన్నాయా చెరిగిపోయాయా, వెనక అడుగున ఉండాల్సిన గార్డు ఉందా, తెల్ల గీత నుంచి చక్రం ఎంత లోపలికి ఉంది, చుట్టుపక్కల వీధి లైటు ఉందా, అన్నీ తీయించండి. అలా రోడ్డు మీద ప్రమాదకరంగా బండి వదిలేయడం 122 సెక్షన్ ప్రకారం తప్పే. కోర్టు రెండు వైపులా తప్పుంది అంటే మన వాటా శాతం మేరకు డబ్బు తగ్గిస్తుంది, హెల్మెట్ లేదని కూడా కొంత కోస్తారు, కానీ మొత్తం పోదు.

బస్సులోనో ఆటోలోనో ప్యాసింజర్‌గా ఉండి దెబ్బ తగిలితే మాత్రం ఈ శాతాల గొడవ మీకు అక్కర్లేదు. లారీదీ తప్పే బస్సుదీ తప్పే అని తేలినా మీ మొత్తం పరిహారం ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా పూర్తిగా వసూలు చేసుకోవచ్చు, వాళ్ళు వాళ్ళు తర్వాత పంచుకుంటారు.

ఇప్పుడు యాక్సిడెంట్ అయిన గంట నుంచి ఏం చేయాలో. 108కో 112కో చేయండి, నేషనల్ హైవే మీద అయితే 1033 కూడా ఉంది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్రం స్కీమ్ ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకి స్కీమ్‌లో ఉన్న ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్ ఉంది, ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టమనగానే ముందు దీని గురించి అడగండి. రెండోది, డాక్టర్‌కి "లారీ గుద్దింది" అని స్పష్టంగా చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసు అయ్యే గాయం అని ఆస్పత్రి రాసే మెడికో లీగల్ రికార్డు) రాయించండి. కొంతమంది పోలీసు గొడవ ఎందుకులే అని "జారి పడ్డాడు" అని చెప్తారు, ఆ ఒక్క లైన్ చాలు ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్‌కి, మీ కేసుని చీల్చి చెండాడేస్తాడు. కంప్లైంట్‌లో లారీ నంబర్, టైమ్, ఎటు నుంచి ఎటు వెళ్తోంది, చూసినవాళ్ళ పేర్లు ఉండాలి. నంబర్ దొరికితే బండి వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది, స్క్రీన్‌షాట్ ఆ రోజే తీసి పెట్టుకోండి.

ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఒక ఫైలు పెట్టండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల ఒరిజినల్ బిల్లులు, అంబులెన్స్ రసీదు, ఫిజియోథెరపీ, పేషెంట్ దగ్గర ఉండటానికి ఇంట్లోవాళ్ళు పని మానేస్తే ఆ వివరం కూడా. జీతం వాళ్ళకి జీతం సర్టిఫికెట్, సొంత పని వాళ్ళకి బ్యాంక్ స్టేట్‌మెంటో ఐటీ రిటర్నో. గృహిణికి ఆదాయం లేదు కదా అని ఊరుకోవద్దు, ఇంటి పనికీ కోర్టులు లెక్క కడతాయి.

కేసు వేసేది మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో, 166 సెక్షన్ కింద. యాక్సిడెంట్ ఎక్కడో వేరే రాష్ట్రంలో జరిగినా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం 6 నెలల గడువు ఉంది, కాలు కుదిరాక వేద్దాం అని ఆగొద్దు. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలని రూల్ ఉంది, దాన్ని నమ్ముకుని కూర్చోకుండా మీ పిటిషన్ మీరు వేసుకోండి. తప్పు ఎవరిదో రుజువు చేయడం కష్టం అనిపిస్తే 164 సెక్షన్ ఉంది, తప్పు ఎవరిదైనా చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. రెండిట్లో ఒకటే దారి, పెద్ద గాయం అయి సాక్ష్యం ఉంటే 166నే మేలు అని నా అభిప్రాయం. డ్రైవర్ క్రిమినల్ కేసులో బయటపడ్డా ఈ కేసు పోదు, ఇక్కడ రుజువు అంత గట్టిగా అక్కర్లేదు.

ఎంత వస్తుందో ఒక లెక్క చూడండి. 34 ఏళ్ళ మనిషి, సొంతంగా పని చేసుకుంటూ నెలకి 15,000 సంపాదిస్తున్నాడు. ఏడాదికి 1,80,000. 40 ఏళ్ళ లోపు సొంత పనివాళ్ళకి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, 2,52,000 అయింది. 31 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి మల్టిప్లయర్, అంటే వయసుని బట్టి ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో ఆ అంకె, 16, అంటే 40,32,000. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అంటే 12,09,600. ఆస్పత్రి ఖర్చు, నొప్పికి, పోయిన రోజుల కూలికి ఇవి వేరే. అయితే కోర్టు చూడాల్సింది కాలు ఎంత శాతం పోయింది అని కాదు, సంపాదన ఎంత పోయింది అని. అదే మనిషి ఆటో డ్రైవర్ అయి, కుడి పాదంతో బ్రేక్ తొక్కలేని పరిస్థితి వస్తే సర్టిఫికెట్‌లో 30 ఉన్నా సంపాదన నష్టం 60 అని వాదించొచ్చు, అప్పుడు లెక్క 24,19,200. దీనికి డాక్టర్ కోర్టుకి వచ్చి చెప్పాలి, కాబట్టి ఆపరేషన్ చేసిన డాక్టర్‌తో మంచిగా ఉండండి.

ఇన్సూరెన్స్ కంపెనీ ఎత్తే సాకులు కొన్ని ఉన్నాయి. డ్రైవర్‌కి సరైన లైసెన్స్ లేదు, పర్మిట్ లేదు అంటుంది. చాలా కేసుల్లో కోర్టు "ముందు బాధితుడికి కట్టు, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకో" అంటుంది. ఓనర్ "ఆ బండి ఎప్పుడో అమ్మేశా" అంటే ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) పేరు ఎవరిదో వాళ్ళే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కానీ ఒక సాకు మాత్రం నిజంగా దెబ్బ కొడుతుంది, పెళ్ళికనో జాతరకనో లారీ ఎక్కి వెళ్తూ ప్రమాదానికి గురైతే గూడ్స్ బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి ఇన్సూరెన్స్ వర్తించదు, తన సరుకుతో పాటు వెళ్తున్న సరుకు ఓనర్‌కి వర్తిస్తుంది. మిగతావాళ్ళు లారీ ఓనర్ ఆస్తి మీదే పడాలి, అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

గుద్దిన లారీ ఏదో అసలు తెలీకపోతే హిట్ అండ్ రన్ స్కీమ్ ఉంది, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000, దీనికి కోర్టు కాదు, ఆర్డీవో లేదా తహసీల్దార్ స్థాయి అధికారికి దరఖాస్తు పెట్టాలి.

రాజీ విషయంలో జాగ్రత్త. లోక్ అదాలత్‌లో సంతకం పెడితే దాని మీద అప్పీల్ ఉండదు, వైద్యం పూర్తి కాకముందే, వైకల్యం ఎంతో తేలకముందే వెళ్ళొద్దు. ఆస్పత్రి బెడ్ దగ్గరకే వచ్చి "వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి, అంతా మేం చూస్కుంటాం" అని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగేవాళ్ళు ఉంటారు, వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం లాయర్లకి బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం నిషేధం. ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీ వాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఇస్తారు.

తీర్పు వచ్చిన 30 రోజుల్లో కంపెనీ డబ్బు డిపాజిట్ చేయాలి, వడ్డీ మామూలుగా పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్క. తక్కువ ఇచ్చారు అనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకి వెళ్ళొచ్చు, కంపెనీ కూడా వెళ్ళొచ్చు. కొంత డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమని ట్రిబ్యునల్ చెప్తుంది, ఇంకో ఆపరేషన్‌కో పిల్లల ఫీజుకో మధ్యలో అవసరం పడితే ఎస్టిమేట్ జత చేసి పిటిషన్ వేస్తే విడుదల చేస్తారు.