జీపుకి ఛార్జింగ్ ఎక్కకపోతే: నాకు పనిచేసింది ఇది

మాది పాత డీజిల్ జీపు, ఎక్కువగా శ్రీకాకుళం, కళింగపట్నం మధ్యే తిరుగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు మసక, తెల్లారితే సెల్ఫ్ తిరగదు. కొత్త బ్యాటరీ, బెల్టు, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) బ్రష్‌లు, రెగ్యులేటర్ అన్నీ మార్చించినా అంతే.

చివరికి మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి (లోడ్ లేకపోతే ఈ తేడా సరిగ్గా బయటపడదు) ముందు బ్యాటరీ దగ్గర చూశాను, 12.9. ఆల్టర్నేటర్ బీ ప్లస్ బోల్టుకీ (కరెంటు బయటికొచ్చే చోటు) దాని బాడీకీ మధ్య మాత్రం 14.2. అంటే కరెంటు తయారవుతోంది, దారిలో ఎక్కడో పోతోంది. బీ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి 0.15, పర్లేదు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి చూస్తే 1.1! అక్కడ మామూలుగా 0.2 దాటకూడదు.

దొరికింది ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ (బ్యాటరీ మైనస్‌కి కరెంటు దారి). పైకి బాగానే ఉంది, బోల్టుకి బిగించే చివర (లగ్) కింద మాత్రం పచ్చగా చిలుం. ముందు బ్యాటరీ మైనస్ విప్పి, పట్టీ తీసి, రెండు చివర్లూ అవి కూర్చునే చోటూ లోహం మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజెలిన్ రాశాను. అదే లోడ్‌తో ఇప్పుడు బ్యాటరీ దగ్గర 14.

అన్ని బళ్లకీ ఇదే కారణం అనను, మా వైపు ఉప్పుగాలికి ఎర్త్‌లు త్వరగా పాడవుతాయని నా అనుమానం అంతే. బీ ప్లస్ దగ్గరే 13 దాటకపోతే మాత్రం ఈ పట్టీతో పనికాదు, ఆల్టర్నేటర్‌నీ దానికెళ్లే సన్న వైర్లనీ చూపించుకోండి.